పీర్‌ట్యూబ్‌ని కుబెర్నెటీస్ మీద నడపడం: క్లస్టర్ బలం ఎక్కడ పనికొస్తుంది

పీర్‌ట్యూబ్ అంటే మన వీడియో సైట్‌ని మన సర్వర్ మీదే నడుపుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్. దాన్ని ఒక మామూలు సర్వర్ మీద డాకర్ కంపోజ్‌తో (ఒకే మెషీన్ మీద కంటెయినర్లని కలిపి నడిపే సాధనం) పెట్టుకోవడం ఒక పూట పని. దాన్నే కుబెర్నెటీస్ క్లస్టర్ మీదికి, అంటే అనేక మెషీన్ల మీద కంటెయినర్లని నడిపించే వ్యవస్థ మీదికి, తీసుకెళ్తే మొదటి రోజు అంతా సాఫీగానే కనిపిస్తుంది. పేజీ తెరుచుకుంటుంది, లాగిన్ అవుతుంది, రెండు నిమిషాల క్లిప్ పెడితే చక్కగా ఆడుతుంది. ఎవరైనా రెండు గంటల నాటకం రికార్డింగ్ అప్‌లోడ్ చేసిన రోజు అసలు కష్టం మొదలవుతుంది. పాడ్ (కుబెర్నెటీస్ కంటెయినర్లని నడిపే చిన్న యూనిట్) మాటిమాటికీ చచ్చి మళ్లీ లేస్తుంది. వీడియో ఎంతకీ ట్రాన్స్‌కోడింగ్ (వేర్వేరు రిజల్యూషన్లలోకి మార్చే) దశ దాటదు. చూసేవాళ్లకి మధ్యమధ్యలో 502 ఎర్రర్ (వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని) వస్తుంది. ఇంత జరుగుతున్నా, అదే క్లస్టర్‌లో మిగతా మెషీన్లు ఖాళీగానే ఉంటాయి.

ఇందులో పీర్‌ట్యూబ్ లోపం లేదు, కుబెర్నెటీస్ లోపమూ లేదు. రెండూ వేర్వేరు ఊహలతో తయారయ్యాయి. 2014లో గూగుల్ ప్రకటించి, 2015 జూలైలో 1.0గా విడుదల చేసిన కుబెర్నెటీస్ దృష్టిలో ఒక పాడ్‌కీ ఇంకో పాడ్‌కీ తేడా లేదు. ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది, రద్దీ పెరిగితే పది వస్తాయి. పీర్‌ట్యూబ్ 2015 ప్రాంతంలో ఒక ప్రోగ్రామర్ సరదాగా మొదలుపెట్టిన ప్రాజెక్టు. 2017లో ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ సంస్థ ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుని దాన్ని ముందుకు నడిపింది, 2018 అక్టోబరులో 1.0 వచ్చింది. ఒక చిన్న సంఘమో, ఒక కాలేజీయో తన వీడియోలు తన సర్వర్ మీదే ఉంచుకోవాలని, ఆ సర్వర్లన్నీ యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్ ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని దాని ఉద్దేశం. అందుకే దాని నిర్మాణం ఒకే సర్వర్, ఒకే ప్రాసెస్ అన్న లెక్కలో సాగింది. ఒక నోడ్‌జేఎస్ ప్రాసెస్, దాని పక్కన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, డేటాని మెమరీలో ఉంచే రెడిస్, వీడియో పని కోసం ఎఫ్ఎఫ్‌ఎంపెగ్, అంతే. ఒకే పీర్‌ట్యూబ్‌ని నాలుగు ప్రాసెస్‌లుగా లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని పంచే సాధనం) వెనక నడపడం కుదరదు.

కాబట్టి డిప్లాయ్‌మెంట్ ఫైల్‌లో (ఎన్ని పాడ్‌లు ఎలా నడవాలో కుబెర్నెటీస్‌కి చెప్పేది) రెప్లికాలు, అంటే పాడ్ నకళ్లు, ఒకటే ఉండాలి. క్లస్టర్ పెట్టుకుని ఒక్క పాడే నడపడమేంటని అనిపించడం సహజం. కానీ వీడియో ప్లాట్‌ఫామ్‌లో బరువైన పని వెబ్ పేజీలు వడ్డించడం కాదు, ట్రాన్స్‌కోడింగ్. క్లస్టర్ బలమంతా అక్కడ పెట్టాలి. పీర్‌ట్యూబ్ పాడ్‌ని మాత్రం కదపకుండా, ఒంటరిగా, జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ విభజన ముందే ఖాయం చేసుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. అది చేయకపోతే కింద చెప్పబోయే ఇబ్బందులు వరసగా తగులుతాయి.

అప్‌డేట్ రోజు వచ్చే చిక్కు

కుబెర్నెటీస్ డిప్లాయ్‌మెంట్‌కి అలవాటు పద్ధతి రోలింగ్ అప్‌డేట్. మ్యాక్స్ సర్జ్ (అదనంగా లేవగల పాడ్‌లు), మ్యాక్స్ అన్‌అవైలబుల్ (ఒకేసారి ఆగగల పాడ్‌లు) రెండూ 25 శాతం. ఒకే రెప్లికా ఉన్నప్పుడు మొదటిది పైకి సవరించి ఒకటి అవుతుంది, రెండోది కిందికి సవరించి సున్నా అవుతుంది. అంటే కొత్త పాడ్ లేచి సిద్ధమయ్యేదాకా పాతదాన్ని ముట్టుకోరు. వెబ్‌సైట్లకి ఇది మంచి పద్ధతే. వీడియోల డిస్క్ ఉన్న పాడ్‌కి మాత్రం కాదు.

క్లౌడ్ బ్లాక్ స్టోరేజ్ డిస్క్ సాధారణంగా రీడ్‌రైట్‌వన్స్ రకం, ఒకసారికి ఒక నోడ్‌కే (క్లస్టర్‌లోని ఒక మెషీన్‌కే) తగులుకుంటుంది. కొత్త పాడ్ వేరే నోడ్ మీద పడితే, డిస్క్ ఇంకా పాత పాడ్ ఉన్న నోడ్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి 'మల్టీ-అటాచ్ ఎర్రర్' వస్తుంది. కొత్తది డిస్క్ కోసం ఎదురుచూస్తుంది, పాతది కొత్తదాని కోసం ఎదురుచూస్తుంది. అప్‌డేట్ అక్కడే నిలిచిపోతుంది. ఇది కళ్లకు కనిపించే సమస్య కాబట్టి కనీసం ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు.

కే3ఎస్‌లో (కుబెర్నెటీస్ తేలికపాటి రూపం) లోకల్-పాత్ స్టోరేజ్, అంటే నోడ్ సొంత డిస్క్, వాడేచోట జరిగేది ఇంకా ప్రమాదకరం. డిస్క్ ఆ నోడ్‌లోనే ఉంటుంది కనుక కొత్త పాడ్ కూడా తప్పనిసరిగా అక్కడికే వస్తుంది, ఏ ఎర్రరూ లేకుండా లేస్తుంది. లేస్తూనే డేటాబేస్ మైగ్రేషన్లు (టేబుళ్లని కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మార్చే పని) నడుపుతుంది. పాత వెర్షన్ అదే డేటాబేస్ మీద, అదే ఫోల్డర్ మీద ఇంకా పని చేస్తూనే ఉంటుంది. రెండు వెర్షన్లు ఒకే టేబుల్‌లో రాసే ఆ కొద్ది సెకన్లలో ఏం పాడైందో తర్వాత కనుక్కోవడం తల ప్రాణం తోకకి తెచ్చే పని.

స్ట్రాటజీని రీక్రియేట్ అని మార్చడమే దీనికి మందు. పాతది పూర్తిగా ఆగాక కొత్తది మొదలవుతుంది. ఒకటి రెండు నిమిషాలు సైట్ ఆగుతుంది, ఆగనివ్వాలి. సున్నా డౌన్‌టైమ్ కోసం పట్టుబట్టి డేటాని పణంగా పెట్టడంలో అర్థం లేదు. పెద్ద మైగ్రేషన్లు నిమిషాల తరబడి సాగొచ్చు కాబట్టి పాడ్ లేచిందా అని చూసే స్టార్టప్ ప్రోబ్ గడువు కూడా ఉదారంగా పెట్టాలి. లేకపోతే మైగ్రేషన్ మధ్యలోనే బతికుందా అని చూసే లైవ్‌నెస్ ప్రోబ్ వచ్చి పాడ్‌ని చంపేస్తుంది.

రెండు గంటల వీడియో, సగంలో చచ్చే పాడ్

మొదట్లో చెప్పిన నాటకం రికార్డింగ్ సంగతి ఇప్పుడు దగ్గరగా చూడాలి. అప్‌లోడ్ అయిన ఫైల్‌ని పీర్‌ట్యూబ్ నాలుగైదు రిజల్యూషన్లలోకి మార్చి, హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో సిద్ధం చేస్తుంది. 2009లో ఆపిల్ తెచ్చిన పద్ధతి ఇది. నెట్ వేగాన్ని బట్టి ప్లేయర్ 1080పీ నుంచి 360పీకి జారడానికి, మళ్లీ ఎక్కడానికి వీలు కల్పిస్తుంది. ఈ మార్పిడి పనికి పీర్‌ట్యూబ్ తన కంటెయినర్ లోపలే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌ని పిల్ల ప్రాసెస్‌గా నడుపుతుంది. అంటే వెబ్ సర్వర్, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ రెండూ ఒకే సీపీయూ లిమిట్‌ని, ఒకే మెమరీ లిమిట్‌ని పంచుకోవాలి.

పాడ్‌కి రెండు కోర్ల లిమిట్ పెట్టారనుకుందాం. నోడ్‌లో 16 కోర్లున్నాయి. కుబెర్నెటీస్ లిమిట్ అంటే కోర్లు దాచిపెట్టడం కాదు, ప్రతి 100 మిల్లీసెకన్లకి ఇంత సీపీయూ సమయం అని కోటా ఇవ్వడం. రెండు కోర్లంటే 200 మిల్లీసెకన్ల కోటా. త్రెడ్స్ సెట్టింగ్‌ని 0గా పెడితే ఎన్ని త్రెడ్‌లు వాడాలో ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ తనే నిర్ణయించుకుంటుంది. అది లోపల్నుంచి చూసి 16 కోర్లున్నాయనుకుని అన్నిటి మీదికీ పని పరుస్తుంది. 16 కోర్లు ఒకేసారి పరిగెడితే ఆ 200 మిల్లీసెకన్ల కోటా పన్నెండున్నర మిల్లీసెకన్లలో అయిపోతుంది. మిగిలిన 87.5 మిల్లీసెకన్లు కంటెయినర్ మొత్తం గడ్డకట్టుకుని కూర్చుంటుంది. అందులో వెబ్ సర్వర్ కూడా ఉంది. ప్రతి పదో వంతు సెకనులో ఇదే తంతు.

ఇక్కడే లైవ్‌నెస్ ప్రోబ్ దిగుతుంది. అలవాటు విలువలు వదిలేస్తే ప్రతి 10 సెకన్లకి ఒకసారి అడుగుతుంది, ఒక్క సెకనులో జవాబు రావాలి, మూడుసార్లు రాకపోతే కంటెయినర్‌ని చంపి మళ్లీ లేపుతుంది. పీర్‌ట్యూబ్‌లో పింగ్ ఏపీఐ ఉంది, ప్రోబ్‌కి అదే సరైన చిరునామా. కానీ గొంతు నొక్కేసిన సర్వర్ పింగ్‌కి కూడా సెకనులో జవాబివ్వలేదు. అరనిమిషం అలా గడిస్తే చాలు, గంట నుంచి సాగుతున్న ఎన్‌కోడింగ్ నేలపాలవుతుంది. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ఆగిన చోటి నుంచి అందుకోదు, మళ్లీ మొదటి ఫ్రేమ్ నుంచే మొదలు. ఆ మొదలవడమే సీపీయూ మీద మళ్లీ భారం, మళ్లీ ప్రోబ్ వైఫల్యం. ఆరోగ్యం చూడటానికి పెట్టిన ప్రోబే పాడ్ ప్రాణం తీస్తుంటుంది.

మెమరీ దగ్గర ఇంకో మెలిక ఉంది. పాత కుబెర్నెటీస్‌లో లిమిట్ దాటితే కెర్నల్ సాధారణంగా ఎక్కువ మెమరీ తింటున్న ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌నే చంపేది. ఆ ఒక్క జాబ్ ఫెయిల్ అయ్యేది, సైట్ బతికేది. సీగ్రూప్ వీ2 (ప్రాసెస్‌లకి వనరుల హద్దులు పెట్టే లినక్స్ ఏర్పాటు) ఉన్న నోడ్‌ల మీద 1.28 వెర్షన్ నుంచి పద్ధతి మారింది. లిమిట్ దాటిందంటే కంటెయినర్‌లోని ప్రాసెస్‌లన్నీ కలిపి పోతాయి, ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తుంది. అంటే ఒకరు పెట్టిన 4కే వీడియో ధాటికి, అదే సమయంలో పాఠం చూస్తున్న మిగతా వాళ్ల పేజీలన్నీ ఆగుతాయి. క్లస్టర్‌ని అప్‌గ్రేడ్ చేశాక నిన్నటిదాకా బాగున్న సైట్ ఎందుకు పడిపోతోందో అర్థంకాక టెన్షన్ పడేవాళ్లు చూడాల్సిన మొదటి చోటు ఇదే.

త్రెడ్‌ల సంఖ్యని లిమిట్‌కి సరిపడా ఖాయం చేయడం, ప్రోబ్ సమయాలు పెంచడం కొంతవరకు కాపాడతాయి. అసలు పరిష్కారం మాత్రం ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌ని ఆ పాడ్ నుంచి బయటికి పంపడమే.

రన్నర్లు: క్లస్టర్ అసలు ప్రయోజనం

2023లో వచ్చిన 5.2 వెర్షన్‌తో ఇది సాధ్యమైంది. పీర్‌ట్యూబ్ రన్నర్ అనే విడి ప్రోగ్రామ్ సర్వర్ దగ్గర టోకెన్‌తో నమోదు చేసుకుంటుంది. పని ఉందా అని అడుగుతుంది, ఉంటే మూలఫైల్‌ని హెచ్‌టీటీపీ ద్వారా తెచ్చుకుంటుంది, ఎన్‌కోడ్ చేసి ఫలితాన్ని తిరిగి పంపుతుంది. ఇందులో క్లస్టర్ మనిషికి ఆనందం కలిగించే సంగతి ఒకటుంది: సర్వర్‌కీ రన్నర్‌కీ మధ్య ఉమ్మడి డిస్క్ అక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ద్వారా పంచుకునే డిస్క్) గొడవ లేదు, అనేక నోడ్‌లకి ఒకేసారి తగిలే రీడ్‌రైట్‌మెనీ వాల్యూమ్‌ల వెతుకులాట లేదు. రన్నర్ ఏ నోడ్ మీదైనా ఉండొచ్చు, క్లస్టర్ బయట ఆఫీసులో ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ మీదైనా ఉండొచ్చు. కుబెర్నెటీస్ కోరుకునే పాడ్ అచ్చంగా ఇలాంటిదే. పోతే పోతుంది, ఇంకొకటి వస్తుంది. పట్టుకున్న పని గురించి కొంతసేపు కబురు రాకపోతే సర్వర్ దాన్ని మళ్లీ వరసలోకి చేరుస్తుంది.

రన్నర్‌కి సొంత డిప్లాయ్‌మెంట్ ఇచ్చి రెప్లికాలు మూడో నాలుగో పెట్టుకోవచ్చు. ప్రతి పాడ్ లేచేటప్పుడు తన పాడ్ పేరుతోనే నమోదయ్యేలా, ఆగేటప్పుడు నమోదు రద్దు చేసుకునేలా స్క్రిప్ట్ రాయాలి. లేకపోతే అడ్మిన్ పేజీలో చచ్చిపోయిన రన్నర్ల జాబితా చేంతాడంత అవుతుంది. తాత్కాలిక ఫైళ్లకి చోటు చూపించడం కూడా మరవకూడదు. రెండు గంటల మూలఫైల్ 20 జీబీ ఉండటం మామూలే, దానికి తోడు తయారవుతున్న ఫైళ్లు. ఇవన్నీ కంటెయినర్ లోపలి పొరలో పడితే నోడ్ డిస్క్ నిండి, కుబెర్నెటీస్ ఆ పాడ్‌నే కాక పక్కవాటిని కూడా ఖాళీ చేయిస్తుంది. ఆ ఫోల్డర్‌కి విడిగా ఒక వాల్యూమ్ తగిలిస్తే ఈ బాధ ఉండదు.

ఆటోస్కేలింగ్ (భారాన్ని బట్టి పాడ్‌ల సంఖ్య దానంతట అదే మారడం) విషయంలో మాత్రం తొందర అక్కర్లేదు. సీపీయూ వాడకం చూసి పెంచే అలవాటు పద్ధతి ఇక్కడ తప్పు సంకేతాన్ని చదువుతుంది. ఒక్క జాబ్ ఉన్నా, వంద జాబ్‌లు ఉన్నా పని చేస్తున్న రన్నర్ సీపీయూ నిండుగానే కనిపిస్తుంది. చూడాల్సింది వరసలో ఎన్ని జాబ్‌లు ఉన్నాయన్నది. కేడా లాంటి ఆటోస్కేలింగ్ సాధనంతో పోస్ట్‌గ్రెస్‌ని అడిగి ఆ లెక్క తెచ్చుకోవచ్చు. తగ్గించేటప్పుడు ఇంకో చిక్కు: ఏ పాడ్ పనిలో ఉంది, ఏది ఖాళీగా ఉందన్నది స్కేలర్‌కి తెలియదు, 90 శాతం పూర్తయిన ఎన్‌కోడింగ్‌ని కూడా నరికేస్తుంది. రోజుకి పది పదిహేను వీడియోలు వచ్చే సంస్థకి స్థిరంగా రెండు మూడు రన్నర్లు ఉంచుకోవడమే మేలు. వీడియో రాత్రికి బదులు తెల్లారి సిద్ధమైతే ఎవరికీ నష్టం లేదు.

2024 జూలైలో వచ్చిన 6.2 నుంచి విస్పర్ (మాటని అక్షరాలుగా మార్చే మోడల్) సాయంతో సబ్‌టైటిల్స్ వాటంతట అవే తయారయ్యే ఏర్పాటు కూడా ఉంది. ఆ పనినీ రన్నర్లకే అప్పగించవచ్చు, అప్పగించాలి కూడా, అది ఎన్‌కోడింగ్‌కి తీసిపోని బరువు. విస్పర్‌కి తెలుగు వచ్చు, కానీ ఇంగ్లీషుతో పోలిస్తే తప్పులు బాగా ఎక్కువ. చిన్న మోడల్‌తో తెలుగు పద్యనాటకానికి సబ్‌టైటిల్స్ ఆశించకూడదు. పెద్ద మోడల్ వాడి, మనిషి ఒకసారి దిద్దితేనే పనికొస్తాయి. జీపీయూ ఉన్న నోడ్ ఒకటి ఉంటే ఆ రన్నర్‌ని దాని మీదే కట్టేయడం మంచిది.

చోటు, బ్యాండ్‌విడ్త్, బిల్లు

ఉజ్జాయింపుగా 1080పీకి 5 ఎంబీపీఎస్, 720పీకి 2.5, 480పీకి 1.2, 360పీకి 0.7 అనుకుంటే గంట వీడియోకి నాలుగు రూపాల్లో కలిపి 4.2 జీబీ అవుతుంది. రెండు గంటల నాటకాలు వంద ఉంటే 850 జీబీ. దీన్ని పాడ్‌కి తగిలించిన డిస్క్ మీద మోస్తే డిస్క్ పెంచుతూ పోవడమే సరిపోతుంది. 3.4 వెర్షన్ నుంచి ఎస్3 (అమెజాన్ ఫైళ్ల నిల్వ సేవ) తరహా ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి మద్దతు ఉంది. ట్రాన్స్‌కోడింగ్ అయ్యాక ఫైళ్లు అటు వెళ్లిపోతాయి, స్థానిక డిస్క్ మజిలీగా మాత్రమే మిగులుతుంది. చూసేవాళ్లు ఆ స్టోరేజ్‌లోని బకెట్ (ఫైళ్లు ఉంచే చోటు) నుంచి నేరుగా తెచ్చుకుంటారు కాబట్టి పీర్‌ట్యూబ్ పాడ్‌కి భారం తగ్గుతుంది. బకెట్‌కి కోర్స్ నియమాలు (వేరే సైట్ పేజీ ఈ ఫైళ్లని చదవొచ్చని బ్రౌజర్‌కి చెప్పేవి) పెట్టడం మర్చిపోతే, ఫైల్ లింక్ విడిగా తెరుచుకుంటుంది కానీ సైట్‌లో ప్లేయర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ప్రైవేట్ వీడియోలు మాత్రం అనుమతి చూడాలి కనుక అలవాటుగా పీర్‌ట్యూబ్ గుండానే వెళ్తాయి. కాలేజీ పాఠాలన్నీ ప్రైవేట్‌గా పెట్టేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

నిల్వ ఖర్చు కంటే బయటికి పంపే ఖర్చే ఎక్కువ బాధిస్తుంది. 200 మంది 720పీలో ఒకేసారి చూస్తే 500 ఎంబీపీఎస్, అంటే ఒక గిగాబిట్ లింక్‌లో సగం. రెండు గంటల ప్రదర్శనకి తలకి 2.25 జీబీ, మొత్తం 450 జీబీ. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబై ధరల పట్టికలో ఇంటర్నెట్‌కి పంపే డేటా మొదటి 10 టీబీ దాకా జీబీకి 0.1093 డాలర్లు. ఆ లెక్కన ఒక్క సాయంత్రానికి 49 డాలర్లు. తొమ్మిది రోజుల నాటకోత్సవం లైవ్ ఇస్తే 440 డాలర్లు దాటుతుంది. నెలకి ఇంత బ్యాండ్‌విడ్త్ అని కలిపి ఇచ్చే సర్వర్ల మీద సొంతంగా కే3ఎస్ వేసుకున్నవాళ్లకి ఇదే పని ఎన్నో రెట్లు చవగ్గా అవుతుంది. చిన్న సంఘాలకి అదే సరైన దారి. మేనేజ్డ్ కుబెర్నెటీస్ (క్లౌడ్ కంపెనీయే నడిపిపెట్టేది) సుఖం కోసం వెళ్తే నెలాఖరుకి బిల్లు తడిసి మోపెడవుతుంది.

పీర్‌ట్యూబ్‌కే ప్రత్యేకమైన రెండు ఏర్పాట్లు ఈ ఖర్చుని తగ్గిస్తాయి. ఒకే వీడియో చూస్తున్నవాళ్ల బ్రౌజర్లు వెబ్ఆర్‌టీసీ (బ్రౌజర్ నుంచి బ్రౌజర్‌కి నేరుగా పంపే సాంకేతికత) ద్వారా ముక్కలు పంచుకుంటాయి, లైవ్‌లో ఇది బాగా అక్కరకొస్తుంది. రెండోది రిడండెన్సీ: ఒక సర్వర్ వీడియోలని ఇంకో సర్వర్ కాపీ చేసి ఉంచొచ్చు, ప్లేయర్ ఆ కాపీ నుంచి కూడా ముక్కలు తెచ్చుకుంటుంది. హైదరాబాద్‌లో ఒక నాటక సంస్థకి, డాలస్‌లో ఒక తెలుగు సంఘానికి చెరో పీర్‌ట్యూబ్ ఉంటే, ఇక్కడి ప్రదర్శనలు అక్కడ కూడా నిల్వ ఉంటాయి, భారం రెండు చోట్లా పంచుకున్నట్టవుతుంది. పెద్ద కంపెనీ సీడీఎన్ (చాలా చోట్ల నకళ్లు ఉంచి పంపే సేవ) లేకుండానే ఇది జరగడం ఈ సాఫ్ట్‌వేర్‌లో మెచ్చుకోవాల్సిన విషయం.

గేటు దగ్గర

ఇన్‌గ్రెస్ (బయటి రిక్వెస్ట్‌లు క్లస్టర్‌లోకి వచ్చే ద్వారం) దగ్గర తగిలే దెబ్బలు చిన్నవే, కానీ కారణం వెంటనే తోచదు. ఎన్‌జిన్‌ఎక్స్ ఇన్‌గ్రెస్‌లో రిక్వెస్ట్ సైజు అలవాటు పరిమితి 1 ఎంబీ. పెంచకపోతే అప్‌లోడ్ మొదట్లోనే 413 ఎర్రర్‌తో (పంపింది మరీ పెద్దదని) ఆగుతుంది. కే3ఎస్‌తో వచ్చే ట్రెఫిక్ అనే ఇన్‌గ్రెస్‌కి ఆ పరిమితి లేదు, కానీ ఇటీవలి వెర్షన్లలో ఒక రిక్వెస్ట్ చదవడానికి 60 సెకన్లే ఇస్తుంది. నెమ్మదైన నెట్ ఉన్న ఊరి నుంచి పెద్ద ముక్క పంపేవాళ్లకి అది చాలదు. ఇక లైవ్ కోసం ఓబీఎస్ (లైవ్ ప్రసార సాఫ్ట్‌వేర్) నుంచి వచ్చే ఆర్‌టీఎంపీ ప్రసారం అసలు హెచ్‌టీటీపీయే కాదు. 1935 పోర్టుకి విడిగా లోడ్‌బ్యాలెన్సర్ సర్వీసో, నోడ్‌పోర్టో ఇవ్వాలి.

అన్నిటికన్నా తికమక పెట్టేది ఐపీ అడ్రస్. ముందున్న ప్రాక్సీని నమ్మమని చెప్పకపోతే పీర్‌ట్యూబ్‌కి వచ్చినవాళ్లందరూ ఇన్‌గ్రెస్ పాడ్ ఐపీతోనే కనిపిస్తారు. ఏపీఐకి అలవాటు పరిమితి ఒక ఐపీకి 10 సెకన్లలో 50 రిక్వెస్ట్‌లు. ఆ 50 అందరికీ కలిపి అన్నమాట. పదిమంది ఒకేసారి వస్తే చాలు, 429 ఎర్రర్లు (రిక్వెస్ట్‌లు మరీ ఎక్కువయ్యాయని) మొదలవుతాయి. ట్రస్ట్ ప్రాక్సీ జాబితాలో క్లస్టర్ పాడ్ నెట్‌వర్క్‌ని చేర్చాలి, కే3ఎస్‌లో మార్చకపోతే అది 10.42.0.0/16. సర్వీసు వైపు ఎక్స్‌టర్నల్ ట్రాఫిక్ పాలసీని లోకల్ చేస్తే అసలు ఐపీ ఇన్‌గ్రెస్ దాకా చేరుతుంది.

మార్చకూడనివి, పోగొట్టుకోకూడనివి

హోస్ట్‌నేమ్ మొదటిసారే ఖాయం చేసుకోవాలి. యాక్టివిటీపబ్‌లో ప్రతి వీడియోకి, ప్రతి ఛానెల్‌కి గుర్తింపు ఆ పేరుతోనే ఏర్పడుతుంది, ఇతర సర్వర్లు ఆ పేరునే గుర్తుపెట్టుకుంటాయి. టెస్ట్ పేరుతో మొదలుపెట్టి, నచ్చాక అసలు పేరుకి మార్చుకుందామంటే మొదటికే మోసం వస్తుంది. టెస్ట్ కోసం వేరే నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో విడి విభాగం), వేరే డేటాబేస్ పెట్టుకోవాలి. పీర్‌ట్యూబ్ సీక్రెట్ (సర్వర్ వాడే రహస్య తాళం) కూడా అలాంటిదే. హెల్మ్ చార్ట్ (కుబెర్నెటీస్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టే ప్యాకేజీ) ప్రతి అప్‌గ్రేడ్‌కి కొత్తది పుట్టిస్తుంటే పాతదానితో ముడిపడినవన్నీ చెల్లకుండా పోతాయి. ఒకసారి తయారుచేసి కుబెర్నెటీస్ సీక్రెట్‌లో ఉంచాలి. ఆ సీక్రెట్ బేస్64 మాత్రమే, ఎన్‌క్రిప్షన్ కాదు, గిట్‌లో పెట్టేయకూడదు.

పోస్ట్‌గ్రెస్‌కి పీజీ ట్రైగ్రామ్, అన్‌అక్సెంట్ ఎక్స్‌టెన్షన్లు ముందే ఉండాలి, వాటిని సృష్టించడానికి మామూలు యూజర్ హక్కులు చాలకపోవచ్చు. రెడిస్‌ని చాలామంది క్యాషే కదా అని డిస్క్ లేకుండా వదిలేస్తారు. పీర్‌ట్యూబ్ తన జాబ్ వరసని అందులోనే ఉంచుతుంది. ఆ పాడ్ పోతే వరసలో ఉన్న పనులూ పోతాయి, వీడియోలు సగం స్థితిలో మిగిలిపోతాయి. చిన్న డిస్క్ ఇచ్చి ఏఓఎఫ్ (ప్రతి మార్పునీ డిస్క్ మీద రాసే ఏర్పాటు) ఆన్ చేస్తే సరిపోతుంది.

బ్యాకప్‌కి రాత్రి ఒక క్రాన్‌జాబ్ (నిర్ణీత సమయానికి దానంతట అదే నడిచే పని) చాలు. కానీ వరస ముఖ్యం: ముందు పోస్ట్‌గ్రెస్ డంప్, ఆ తర్వాత బకెట్ కాపీ. డంప్ తర్వాత వచ్చిన వీడియో ఫైళ్లు కాపీలో అదనంగా ఉన్నా డేటాబేస్‌కి వాటి సంగతి తెలియదు, హాని లేదు. తలకిందులుగా చేస్తే డేటాబేస్‌లో పేరుండి బకెట్‌లో ఫైల్ లేని వీడియోలు తేలతాయి, పేజీ తెరుచుకుంటుంది, ప్లేయర్ నల్లగా ఉండిపోతుంది. ఈ మధ్యలో ఎవరైనా తొలగించిన ఫైళ్ల కోసం బకెట్‌లో వెర్షనింగ్ ఆన్ చేసి, పాత కాపీలని కనీసం ఒక వారం ఉంచాలి.